అప్‌డేట్: మఠంలో దయ్యం నవల దొరికింది

మఠంలో కుర్రాడి వేషంలో చేరి పెద్ద సన్యాసిని బుట్టలో వేసుకునే ఆడదాని కథ, పాత ఇంగ్లిష్ నవల, పేరేంటని అడిగాను కదా. దొరికింది. మాథ్యూ లూయిస్ రాసిన ‘ది మాంక్’, 1796.

కథ చాలావరకు మాడ్రిడ్‌లో. పెద్ద సన్యాసి ఆంబ్రోసియో ప్రసంగమంటే చర్చిలో కాలు పెట్టే చోటుండదు. శిష్యుడు రొసారియో ఒకరోజు తోటలో ‘నేను ఆడదాన్ని’ అని బయటపెడుతుంది. మఠం వదిలి పొమ్మంటే గుండెకు బాకు ఆనించుకుంటుంది. అక్కడే మెత్తబడ్డాడు మహానుభావుడు! తర్వాత ఆమె కోసం గులాబీ కోయబోతే విషప్పురుగు కుట్టడం, ఆ విషాన్ని ఆమె పీల్చేయడం, అన్నీ నాకు గుర్తున్నట్టే ఉన్నాయి.

ఆమె మనిషే కాదని చివర్లో గానీ సైతాను చెప్పడు. నాకది అతికించినట్టు అనిపించింది, మొదట్లో ఆమె ప్రేమ నిజమనే లూయిస్ మనల్ని నమ్మిస్తాడు మరి. 1798 ఎడిషన్‌లో గొడవకు జడిసి చాలా కత్తిరించాడు, కాబట్టి చదివితే మొదటిదే చదవండి. పేరు చెప్పినవాళ్లకు థాంక్స్.