హన్మకొండలో దూది పరుపులు, బొంతల షాపు: మీకు అసలు ఏం కావాలి?

హన్మకొండ కోడలు:
అందరికీ నమస్తే. హన్మకొండలో మా మామయ్యకు పరుపుల షాపు ఉంది. దూది పరుపులు, మెత్తలు, రజాయిలు కుట్టడం, పాత దూది ఏకి మళ్లీ నింపివ్వడం, ఎవరైనా చీరలు తెస్తే బొంత కుట్టించి ఇవ్వడం, ఇదీ పని. వెనక షెడ్డులో దూది ఏకే మిషన్ ఉంది. ఆ దుమ్ముకు మామయ్యకు ఆయాసం ఎక్కువై డాక్టర్ షెడ్డులోకి అడుగు పెట్టొద్దన్నారు, అందుకని దసరా నుంచి షాపు నేను చూసుకుంటున్నా.

ఇప్పుడు ఇంట్లో చర్చంతా ఆ మిషన్ గురించే. మా ఆయన, దాన్ని అమ్మేసి షెడ్డు ఖాళీ చేద్దాం, పానిపట్ రజాయిలు, బ్లాంకెట్లు, ఫోమ్ పరుపులు తెచ్చి పెడదాం, దుమ్ము ఉండదు, పనివాళ్ల కోసం తిరగడం ఉండదు అంటారు. ఆయన చెప్పేదాంట్లో న్యాయం ఉంది. కానీ అవన్నీ ఫోన్‌లో నొక్కితే ఇంటికే వస్తుంటే మా షాపు మెట్లు ఎవరు ఎక్కుతారు? కౌంటర్‌లో కూర్చుంటే నాకు కనిపిస్తున్నది వేరే. రోజూ ఎవరో ఒకరు ఆటో మీద పాత పరుపు కట్టుకొని వచ్చి, కుట్టు ఊడిన చోట చెయ్యి పెట్టి కొంచెం దూది బయటికి లాగి, వేళ్ల మధ్య నలిపి చూపించి "ఇది మళ్లీ బాగవుతదా అమ్మా" అని అడుగుతారు. రెడీమేడ్ రజాయి అడిగేవాళ్లేమో రేటు విని, ఫోన్‌లో ఇంకో రేటు చూపించి వెళ్లిపోతారు.

మీరు కస్టమర్లుగా చెప్పండి. ఇలాంటి షాపుకు ఎందుకు వస్తారు, రావడం మానేస్తే ఎందుకు మానేశారు? రేటు గురించే అయినా సరే, మొహమాటం లేకుండా చెప్పండి.

నయీంనగర్ నుంచి:
అక్కా, మిషన్ మాత్రం అమ్మకండి. నేను దూది పరుపు బాగు చేయించడం ఎందుకు మానేశానో చెప్తా. నా పెండ్లికి మా నాయిన పరకాల దగ్గర మా చేన్లో పండిన పత్తి జిన్నింగ్ చేయించి, అంటే గింజ తీయించి, పరుపు కుట్టించి ఇచ్చాడు. అది ఉండలు కట్టిందని ఒక షాపులో ఏకడానికి ఇచ్చా (పేరు వద్దులెండి, మీది కాదు). తిరిగి వచ్చాక పడుకుంటే ఒక పక్క గట్టిగా, ఒక పక్క పల్చగా తగులుతోంది. బ్లేడుతో మూల కుట్టు విప్పి చూస్తే లోపల బూడిద రంగు దూది, అందులో రంగు దారం ముక్కలు, ఏదో సింథటిక్ గుడ్డ పోగులు. అది మా దూది కానే కాదు. అడిగితే "ఏకితే అట్లనే ఉంటది" అన్నారు. ఆ పరుపు ధర ఎంతని కాదు, మా నాయిన ఇచ్చింది పోయింది.

నాకు కావాల్సింది చాలా చిన్నది. నా ముందర పరుపు విప్పాలి, దూది తూకం వేసి చీటీ మీద రాయాలి, ఏకేటప్పుడు నేను అక్కడే నిలబడతానంటే వద్దనొద్దు. ఏకినాక మళ్లీ తూకం వేసి, ఇంత దుమ్ము, చెత్త కింద పోయింది, ఇంత కొత్త దూది కలపాలి, దానికి ఇంత అని చెప్పాలి. దుమ్ము పోతే బరువు తగ్గుతుందని ఎవరికైనా అర్థమవుతుంది కదా, చెప్పకుండా చేస్తేనే అనుమానం వస్తుంది. ఇట్లా చేసే షాపు ఉంటే పక్క షాపు కంటే రెండు వందలు ఎక్కువైనా నేను మాట్లాడకుండా ఇస్తా. మా వాడకట్టులో ఇంకో నాలుగు ఇండ్లకు కూడా చెప్తా.

కాజీపేట జంక్షన్:
నాది ఒకటే మాట. చెప్పిన రోజు ఇవ్వండి. ఇంట్లో ఉన్నదే రెండు పరుపులు, "రేపు రండి" అని వారం తిప్పితే పిల్లలు ఎక్కడ పడుకోవాలి? పొద్దున తీసుకుపోయి సాయంత్రం తెచ్చిచ్చే పద్ధతి పెట్టండి, లేదంటే అప్పటిదాకా వాడుకోవడానికి ఒక జంపఖానా, పల్చటి పరుపు ఇవ్వండి. ఇంకోటి, మాలాంటి వాళ్లం మూడో అంతస్తులో ఉంటాం, లిఫ్ట్ లేదు, దూది పరుపు దించి ఎక్కించే మనిషి కావాలి. దాని కూలీ ముందే చెప్పండి, ఇస్తాం.

మంచిర్యాల:
నేను కొంచెం వేరేగా చెప్తా, ఏమనుకోవద్దు. దూది రజాయి వెచ్చగా ఉంటుంది, ఒప్పుకుంటా, మా వైపు డిసెంబర్, జనవరి చలికి అది లేకుండా నిద్ర పట్టదు. కానీ దాన్ని వాషింగ్ మెషీన్‌లో వేయలేం. మా బాబుకు డస్ట్ ఎలర్జీ, డాక్టర్ పక్కబట్టలు వారం వారం వేడి నీళ్లలో ఉతకమన్నారు. హాస్టల్‌లో ఉండే మా చెల్లె బిడ్డకు కూడా ఉతికేదే కావాలి. అందుకే మేము పాలిస్టర్ ఫైబర్ రజాయి కొన్నాం, ఎండకు తొందరగా ఆరుతుంది, ఉండ కట్టదు. ఎండాకాలంలో మాత్రం మీద వేసుకుంటే చెమట.

మీరు రెండూ పెట్టండి, కానీ ఏది ఏదో రాసి పెట్టండి. దూది రజాయికి జిప్పు ఉన్న గలీబు కుట్టి అమ్మితే సగం సమస్య తీరుతుంది, గలీబు ఉతుక్కుంటాం, రజాయి ఎండలో వేసుకుంటాం. ఆ గలీబు మా రజాయి సైజుకు ఎక్కడా దొరకదు, అన్నీ ఆన్‌లైన్ సైజులే. కొలత తీసుకొని కుట్టివ్వండి చాలు, నేను మంచిర్యాల నుంచి వచ్చి తీసుకుంటా.

ఇంకో సంగతి, మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది కదా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. ఆ చలిలో చెట్ల కింద పడుకోవాలి. కింద పరవడానికి ఒకటి, మీద కప్పుకోవడానికి తేలికైన బొంత ఒకటి, రెండూ చుట్టి భుజానికి తగిలించుకునేలా తాడుతో ఇస్తే మావాళ్లు చాలామంది కొంటారు. మేము పోయిన ప్రతిసారీ ఇంట్లో ఉన్న మంచి చద్దర్లే మట్టిలో పరిచి పాడు చేసుకుంటున్నాం. కింద పరవడానికి మన వరంగల్ కొత్తవాడ జంపఖానాలే పెట్టండి. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, నేసేవాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు, అవి మీ షాపులో లేకపోతే ఇంకెక్కడ ఉంటాయి?

నర్సంపేట అమ్మమ్మ:
బిడ్డా, బొంతల సంగతి నేను చెప్తా, చేతితో కుట్టేదాన్ని. నీ దగ్గరికి చీరలు తెచ్చేవాళ్లు ఉట్టి బొంత కోసం రారు, ఎవరివో చీరలు పట్టుకొస్తారు. అమ్మవి, అత్తవి, పోయినవాళ్లవి. వాళ్లు సంచి విప్పగానే ధర చెప్పకు. ఏ చీర పైకి రావాలి, కొంగు ఎటు ఉండాలి, అంచు కత్తిరించొచ్చా అని అడుగు. అంచు కత్తిరించి పారేస్తే కొంతమంది కండ్ల నీళ్లు పెట్టుకుంటారు, నేను చూసిన. ప్రతి సంచికి పేరు, ఫోన్ నంబర్ రాసిన గుడ్డ ముక్క కుట్టి పెట్టు, కాగితం అతికిస్తే ఊడిపోతుంది. ఒకరి చీర ఇంకొకరి బొంతలోకి పోయిందంటే ఆ ఇంటోళ్లు మళ్లీ నీ గడప తొక్కరు.

పని గురించి అయితే, ముందు అన్ని చీరలూ ఉతికి ఆరేయాలి, ముడుచుకునేది ముందే ముడుచుకుంటుంది, రంగు పోయేది ముందే తెలుస్తుంది. గట్టి చీర పైకి, నలిగి మెత్తబడ్డ నూలు చీరలు లోపలికి. ఇప్పుడు చాలామంది తెచ్చేవి సింథటిక్ చీరలే, అవి జారుతాయి, పొరలు ఒకదాని మీద ఒకటి నిలవవు, సూది వేస్తే ముడతలు పడతాయి. వద్దని పంపకు. లోపల ఒక నూలు పొర వేసి, ముందు నాలుగు అంచులూ, తర్వాత నడుమ పెద్ద పెద్ద టాకాలు వేసి నిలబెట్టి, అప్పుడు వరుస కుట్టు మొదలుపెట్టాలి. వరుసకు వరుసకు మధ్య వేలెడు దూరం మించితే ఉతికినప్పుడు లోపలి గుడ్డంతా ఒక మూలకు చేరుతుంది.

పసిపిల్లల బొంత అడిగితే మెత్తటి పాత నూలు గుడ్డే వాడు, దూది గానీ ఫైబర్ గానీ నింపకు. గుండీలు, పూసలు, వేలాడే దారాలు ఉండొద్దు. అది కిందికి పరవడానికి, పసిపిల్ల మొహం మీదికి వచ్చేట్టు కప్పొద్దని తల్లికి చెప్పి ఇవ్వు.

చేతికుట్టు బొంతకు రోజులు పడతాయి, కాబట్టి కూలీ ఎక్కువే అవుతుంది. అది దాచకుండా చెప్పు. మిషన్ కుట్టు తక్కువలో అవుతుంది, కానీ బొంత కొంచెం బిర్రుగా ఉంటుంది. రెండు ముక్కలు కుట్టి కౌంటర్ మీద పెట్టు, చేతితో పట్టుకొని చూసి వాళ్లే చెప్తారు ఏది కావాలో.

జిన్నింగ్ పని:
ఎనుమాముల మార్కెట్ వైపు జిన్నింగ్ మిల్లులో పని చేస్తా. రేటు గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. 2025-26కు పొడవు పింజ (పోగు) పత్తి మద్దతు ధర క్వింటాల్‌కు 8110 రూపాయలు. క్వింటాల్ పత్తి ఆడిస్తే దూది వచ్చేది 33, 34 కేజీలు, మిగతాదంతా దాదాపు గింజే. గింజ అమ్మిన డబ్బు తీసేసి లెక్కేసినా మంచి కొత్త దూది కేజీ వంద రూపాయలకు ఎవరికీ గిట్టదు. బజార్లో అంతకంటే తక్కువకు "కొత్త దూది" అని అమ్ముతున్నది స్పిన్నింగ్ మిల్లు వేస్టో, గుడ్డ పీలికలు ఏకిందో అయి ఉంటుంది. దాంతో పరుపు కుట్టకూడదని కాదు, తక్కువ డబ్బు ఉన్నవాళ్లకు అదీ కావాలి. అదేంటో చెప్పి అమ్మాలి, అంతే. మూడు రకాల దూది మూడు పారదర్శకపు డబ్బాల్లో పెట్టి, మీద కేజీ ధర రాసి కౌంటర్ ముందు ఉంచండి.

నమ్మనివాళ్లకు చిటికెడు దూది తీసి మిషన్‌కు దూరంగా, బయట అగ్గిపుల్లతో కాల్చి చూపించండి. నిజం దూదైతే కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టర్ కలిస్తే కరిగి, చల్లారినాక గట్టి పూసలా వేలికి తగులుతుంది. బూరుగు దూది తెచ్చేవాళ్లు ఉంటే దాన్ని మిషన్‌లో వేయకండి, ఆ పింజ పెళుసు, విరిగి పొడి అవుతుంది. చేత్తో విడదీసి, నేత దగ్గరగా ఉన్న గుడ్డలో మెత్తలకు నింపితేనే బాగుంటుంది. బిల్లు కూడా ఇవ్వండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2500 లోపు దూది రజాయి మీద జీఎస్టీ 5 శాతమే. బిల్లు ఉంటే కస్టమర్‌కు అడిగే హక్కు ఉంటుంది, మీకూ మాట నిలబడుతుంది.

షెడ్డు దుమ్ము సంగతి మాత్రం వదిలేయకండి. మీ మామయ్యకు వచ్చిందే రేపు పనివాళ్లకు వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి, మిషన్ చుట్టూ మందపాటి పట్టా కట్టి, మనుషులకు మంచి మాస్కులు ఇవ్వండి. కస్టమర్ నిలబడి చూడాలంటే మధ్యలో అద్దం కిటికీ పెట్టండి, దూది కనిపిస్తుంది, దుమ్ము రాదు.

హన్మకొండ కోడలు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవన్నీ మా ఆయనకు చదివి వినిపించా. అద్దం కిటికీ మాట ఆయనకే బాగా నచ్చింది, రేపు అల్యూమినియం అతన్ని పిలిచి కొలత తీయిస్తా అంటున్నారు. మిషన్ ఉంటుంది. ఫోమ్ పరుపులు ప్రస్తుతానికి తెప్పించడం లేదు, ఫైబర్ రజాయిలు మాత్రం కొన్ని తెప్పించి ఫైబర్ అని రాసి పెడతాం. గలీబులు కొలతకు కుట్టడానికి మా దగ్గర టైలర్ ఉన్నాడు, అది వెంటనే మొదలుపెడతా. తూకం చీటీ పుస్తకం రేపే అచ్చు వేయించాలి. అమ్మమ్మా, చేతికుట్టు వచ్చిన ఆడవాళ్లు మీ నర్సంపేట వైపు ఇంకా ఉన్నారా? బొంత లెక్కన కాకుండా వరుస లెక్కన కూలీ ఇద్దామనుకుంటున్నా, అది సరైనదేనా?

నర్సంపేట అమ్మమ్మ:
ఉన్నారు బిడ్డా. వరుస లెక్క వద్దు, తొందరలో కుట్టు ఎడంగా వేస్తారు. బొంత సైజు, పొరలు చూసి ముందే కూలీ మాట్లాడుకో, దారం, సూదులు నువ్వే ఇవ్వు. కార్తీకం పోయినాక పత్తి ఏరుడు ఇంకా నడుస్తుంటుంది, అప్పుడు చేతులు దొరకవు, ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

నయీంనగర్ నుంచి:
అక్కా, ఆదివారం షాపు తెరుస్తారా? రెండు సింగిల్ పరుపులు, నాలుగు మెత్తలు ఉన్నాయి. కిటికీ పెట్టించేదాకా ఆగను, మాస్క్ కట్టుకొని వస్తా.