చర్చ: మూడో తరగతి దాకా పిల్లల పరీక్ష ఏ భాషలో జరగాలి?

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, వరంగల్ జిల్లా:

సభ్యులందరికీ నమస్కారం. మన తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. అది మంచిదా కాదా అని నేను అడగడం లేదు. నా ప్రశ్న అంతకన్నా చిన్నది. ఆరేడేళ్ల బిడ్డకు ఏం వచ్చో, ఏం రాదో తెలుసుకోవడానికి పెట్టే పరీక్ష ఏ భాషలో ఉండాలి?

మొన్న రెండో తరగతి లెక్కల పేపరులో, బుట్టలో 24 మామిడిపండ్లు ఉంటే 9 అమ్మినాక ఎన్ని మిగులుతాయనే ప్రశ్న ఇంగ్లీషులో వచ్చింది. తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి ఆ ప్రశ్న కింద పెన్సిలుతో గీత గీసి కాగితం ఇచ్చేసింది. సున్నా వేశాను. మధ్యాహ్న భోజనం తర్వాత ఆ బిడ్డను బల్ల దగ్గరికి పిలిచి, 24 చింతగింజలు పోసి, అదే లెక్కను తెలుగులో, నాకు వచ్చిన నాలుగు లంబాడీ మాటలు కలిపి అడిగాను. పదేసి గింజలతో రెండు కుప్పలు పెట్టింది, నాలుగు గింజలు పక్కకు జరిపింది, ఒక కుప్పలోంచి తొమ్మిది తీసి నా వైపు నెట్టి, మిగిలిన ఒక్క గింజను ఆ నాలుగింటిలో కలిపి "పదిహేను" అన్నది. వాళ్ల యాడి (అమ్మ) అంగట్లో కూరగాయలు అమ్ముతుంటే పక్కన కూర్చుని చిల్లర లెక్కపెట్టి ఇచ్చేది ఈ అమ్మాయే.

పదుల్లోంచి అప్పు తెచ్చుకుని తీసివేయడం మేము వారాల తరబడి తిప్పలుపడి చెప్పే పాఠం. ఆ పాఠం ఆ బిడ్డ చేతుల్లో ఉన్నది, నా రిజిస్టరులో మాత్రం సున్నా ఉన్నది. ఆ కాగితం ఇంగ్లీషు చదవగలదా అని చూసింది, మేము ఆ ఫలితాన్ని లెక్కల గడిలో రాసుకున్నాము. మూడో తరగతి దాకా లెక్కల పరీక్షను బిడ్డ మాట్లాడే భాషలో, నోటితో, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి జరపాలని, ఇంగ్లీషును వేరుగా పరీక్షించాలని నా అభిప్రాయం.

ఇద్దరు పిల్లల తల్లి, హన్మకొండ:

టీచర్ గారూ, మీ బాధ అర్థమైంది, కానీ నేను ఒప్పుకోలేను. పదో తరగతి దాకా తెలుగులో చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డాను. ఫిజిక్స్ రాక కాదు, ప్రశ్న అర్థం కాక తప్పాను. నా పిల్లలకు ఆ గతి పట్టకూడదని అప్పు చేసి ప్రైవేటు బడికి పంపాను, ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు వచ్చినాకనే తిరిగి ఇక్కడ చేర్పించాను. పరీక్షలో ఏది అడిగితే బడి దాన్నే పట్టించుకుంటుంది. ఈ రోజు లెక్కలు తెలుగులో నోటితో అడుగుతామంటారు, రేపు ఇంగ్లీషు చెప్పడమే తగ్గుతుంది. ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్షలో చింతగింజలు పోసి ఎవరూ అడగరు కదా.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ములుగు జిల్లా:

అమ్మా, మీ అనుభవం టీచర్ గారి మాటనే బలపరుస్తున్నది. ప్రశ్న అర్థం కాక తప్పానని మీరే అన్నారు. మీకు పదహారేళ్లకు జరిగింది ఈ బిడ్డకు ఏడేళ్లకే జరిగింది.

అయితే టీచర్ గారూ, తెలుగులో అడిగితే సరిపోతుందని అనుకోకండి. ఏ తెలుగు? నేను పనిచేసిన ఒక బడిలో బొమ్మ చూసి పేరు రాయమంటే ఒక పిల్లవాడు "బర్రె" అని రాశాడు. జవాబుల కాగితంలో "గేదె" అని ఉన్నందుకు దాన్ని కొట్టేశారు. పొద్దున పాలు పిండిన బర్రె బడిలోకి వచ్చేసరికి తప్పయిపోయింది. గోంగూరను మనం పిలిచే పుంటికూర అనే మాటకూ అదే గతి పట్టింది. కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం చేసుకునే మనం దీన్ని ఎట్లా సహించాలి? "చెట్టు"ను "శెట్టు" అని రాస్తే తప్పకుండా దిద్దాలి, కానీ చదివింది అర్థమైందా అని చూసే చోట దానికి మార్కు కోయకూడదు.

మా కోయ పిల్లలకు తెలుగు కూడా రెండో భాషే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, బంజారా వంటి 8 గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే, చిన్న తరగతులకు బోధన మొదలైంది. మా బడిలో కోయ తెలిసిన ఉపాధ్యాయుడు ఉన్నన్ని రోజులు పిల్లలు ఎగబడి చదివారు. ఆయన బదిలీ అయినాక ఆ పుస్తకాలు బీరువాలోకి చేరాయి.

డీఎడ్ విద్యార్థి, కరీంనగర్:

విద్యాహక్కు చట్టం (2009) 29వ సెక్షను మాతృభాషలో బోధన "సాధ్యమైనంత మేరకు" జరగాలంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా "సాధ్యమైన చోటల్లా" కనీసం ఐదో తరగతి దాకా అంటుంది. ఆ "సాధ్యమైన" అనే మాట చాటునే అందరూ తప్పించుకుంటున్నారని నా నమ్మకం. ఫిలిప్పీన్స్‌లో 2012 నుంచి మూడో తరగతి దాకా మాతృభాషలో బోధించారు, పుస్తకాలకూ శిక్షణకూ కొరత ఉండిపోయింది, 2024 అక్టోబరులో చట్టం చేసి ఆ పద్ధతిని ఆపేశారు. సార్ చెప్పిన బీరువా కథే అక్కడా జరిగిందనిపిస్తుంది. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి పరీక్షించడం మాత్రం అసాధ్యమేమీ కాదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) మూడో తరగతి పిల్లలను దేశమంతటా 20 భాషల్లో అట్లాగే పరీక్షించింది.

బ్యాంకు ఉద్యోగి, మహబూబాబాద్:

నేను తండాలో పుట్టినవాణ్ని. బడిలో మొదటి రోజు సారు పేరు అడిగితే మాట అర్థం కాక నిలబడ్డాను. ఏడాదంతా నన్ను చదువు రానివాళ్ల వరుసలో కూర్చోబెట్టారు. నా పిల్లలకు ఇంగ్లీషు కావాలి, అందులో హన్మకొండ అక్కతో ఏకీభవిస్తాను. లంబాడీలో పరీక్ష రాయించమని నేను అడగడం లేదు, మా భాషకు సొంత లిపి కూడా లేదు. ప్రశ్నను ఒక్కసారి మా భాషలో వినిపించండి, అంతే.

ఇద్దరు పిల్లల తల్లి, హన్మకొండ:

అన్నా, వినిపించడానికైతే నాకు అభ్యంతరం లేదు. ఇద్దరే టీచర్లు ఐదు తరగతులు చూసే బడిలో అది ఎప్పుడు జరుగుతుంది? ఇంగ్లీషు పరీక్షను కూడా అంతే శ్రద్ధగా పెడతారా?

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, వరంగల్ జిల్లా:

అమ్మా, న్యాయమైన ప్రశ్న. మా రెండో తరగతిలో 18 మంది ఉన్నారు. ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలు పట్టినా మూడు మధ్యాహ్నాల్లో పూర్తవుతుంది. ఆ సమయంలో మిగతా పిల్లలకు రాత పని ఇవ్వవలసి వస్తుంది, ఆ నష్టం నిజమే. ఐదో తరగతి తండా అమ్మాయి చేత ప్రశ్న అడిగించి చూశాను, కానీ ఆ పిల్ల జాలిపడి జవాబు కూడా అందించింది. కాబట్టి ఆ మాటలు నేనే నేర్చుకోవాలి.

ఇంగ్లీషును వదలను. "పదమూడు"లో పది, మూడు రెండూ వినిపిస్తాయి. "థర్టీన్" అంటే మా పిల్లల్లో సగం మంది 30 వేస్తారు. అది లెక్క రాకపోవడం కాదు, చెవికి అలవాటు కాకపోవడం. దాన్ని ఇంగ్లీషు గంటలో రోజూ పలికించి, ఇంగ్లీషు గడిలోనే మార్కు వేస్తాను. మన పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్నప్పుడు ప్రశ్నపత్రం కూడా అట్లాగే అచ్చువేయమని మండల సమావేశంలో రాతపూర్వకంగా అడగబోతున్నాను.

మహబూబాబాద్ తమ్ముడూ, "మిగిలినవి ఎన్ని", "ఇద్దరికీ సమానంగా పంచు", "ఎవరి దగ్గర ఎక్కువ" అనే మాటలను మీ తండాలో పిల్లలతో ఎట్లా అంటారో తెలుగు లిపిలో రాసి ఇక్కడ పెట్టగలరా? రెండో తరగతి లెక్కలకు అటువంటి మాటలు ఓ ఇరవై ఉంటే నాకు చాలు, వచ్చే పరీక్షలోపు నేర్చుకుంటాను.