చిన్న రివాల్వరుకు ఏ పిడి మేలు: పెద్ద రబ్బరుదా, సన్నని చెక్కదా?

తొలివేటు:
నా దగ్గర ఉన్నది స్మిత్ అండ్ వెసన్ 642. .38 స్పెషల్ రకం తూటాలు అయిదు పట్టే రివాల్వరు, బరువు నాలుగు వందల గ్రాముల పైచిలుకు. దానితో వచ్చిన రబ్బరు పిడి మరీ పొట్టిది, చిటికెన వేలికి చోటే లేదు. సాధనలో నాలుగోసారి సిలిండరు ఖాళీ చేసేసరికి మధ్యవేలి కణుపు ఎర్రగా వాచింది, బొటనవేలి మొదట్లో తిమ్మిరి పట్టింది. పెద్ద రబ్బరు పిడి వేసుకోమని ఒక మిత్రుడు అంటున్నాడు. అలా చేస్తే చిన్న తుపాకీ కొన్న ప్రయోజనమే పోతుందని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నల్లరబ్బరు:
మీ మిత్రుడి మాటే వినండి. నొప్పి పుట్టించే తుపాకీతో ఎవరూ సాధన చేయరు, సాధన లేని తుపాకీ చేతిలో ఉన్నా లేనట్టే. మూడు వేళ్లూ నిండుగా పట్టే మెత్తని రబ్బరు పిడి వేయండి. పాక్‌మేర్, హోగ్ వంటివారు ఎన్నో ఏళ్లుగా వీటిని చేస్తున్నారు. తేడా మొదటి తూటాకే తెలుస్తుంది.

వాల్‌నట్:
పెద్ద రబ్బరు పిడి ఉన్న రివాల్వరును కోటు జేబులోంచి ఒకసారి తీసి చూడండి. రబ్బరు గుడ్డను పట్టుకుని వదలదు, జేబు లోపలి పొర తుపాకీతో పాటే బయటికి వస్తుంది. చొక్కా కింద నడుముకు పెట్టుకున్నా అంతే, గుడ్డ పిడి మీద ఎక్కి కూర్చుంటుంది. నునుపు చెక్క అలా చేయదు. పది తూటాల సాధన కోసం రోజంతా మోసే వస్తువును పాడు చేసుకోకండి.

గురిచూపు:
ఇద్దరూ పిడి దేనితో చేశారన్న దాని గురించే మాట్లాడారు. దాని ఆకారం గురించి ఎవరూ మాట్లాడలేదు. తొలివేటు గారి బాధకు కారణం అక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

మధ్యవేలి కణుపు వాచిందన్నారు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు వలయం, అంటే ట్రిగ్గర్ గార్డు వెనుక, ఫ్రేము (తుపాకీ లోహపు చట్రం) లోపలికి వంగే చోట ఒక ఖాళీ ఉంటుంది. పిడి ఆ ఖాళీని పూడ్చకపోతే మధ్యవేలు అందులోకి ఎక్కి గార్డుకు ఆనుకుంటుంది. తుపాకీ తన్నిన ప్రతిసారీ గార్డు అంచు సుత్తిలా కణుపు మీద పడుతుంది. పిడి ఎంత మెత్తనిదైనా ఆ దెబ్బ ఆగదు, ఎందుకంటే కొడుతున్నది పిడి కాదు. ఇది పాత సమస్యే. టైలర్ టీ-గ్రిప్ అనే చిన్న లోహపు ముక్క చేసే పని ఆ ఖాళీని పూడ్చడమే. పిడికి రెండు వైపులా ఉండే చెక్క పలకలను మార్చనక్కరలేకుండా వాటి ముందు అమరుతుంది.

ఇక బొటనవేలి తిమ్మిరి. కొన్ని పిడులు ఫ్రేము వెనుక అంచును వదిలేస్తాయి, లోహం నేరుగా చేతికి తగులుతుంది. కొన్ని దాన్ని కప్పేస్తాయి. కప్పేవి హాయిగా ఉంటాయి కానీ చేతిని వెనక్కి నెడతాయి, ట్రిగ్గర్ ఆ మేరకు దూరమవుతుంది. 642లో హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) లోపలే దాగి ఉంటుంది కాబట్టి ప్రతి తూటాకూ ట్రిగ్గర్‌ను సుమారు అయిదు కిలోల బలంతో పూర్తిగా లాగాల్సిందే. వేలు చిన్నదైతే కొస మాత్రమే అందుతుంది. అందుకోవడానికి మనకు తెలియకుండానే చేతిని పక్కకు తిప్పుతాము. అప్పుడు తన్ను ముంజేతి గుండా పోకుండా బొటనవేలి కీలు మీద పడుతుంది. అంటే చిన్న చేతులకు లావు పిడి నొప్పిని పెంచగలదు! పెద్ద చేతులవారి ఇబ్బంది వేరు. సన్నని పిడిలో వారి వేలు ట్రిగ్గర్‌ను దాటి లోపలికి పోయి ముడుచుకుంటుంది.

వేళ్ల కోసం గాడులు పెట్టిన పిడుల గురించి ఒక్క మాట: ఆ గాడులు ఎవరో ఒకరి వేళ్ల కొలత. మీవి వాటిలో కూర్చోకపోతే గట్లు వేళ్ల కింద రాళ్లలా గుచ్చుకుంటాయి.

కొనేముందు ఇది చేసి చూడండి. తూటాలన్నీ తీసేసి, సిలిండరు ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, అరచేతికి సుద్దపొడి రాసుకుని, పేల్చేటప్పుడు పట్టుకున్నట్టే పిడిని గట్టిగా పట్టుకుని వదలండి. పొడి అంటిన చోట చేయి ఆనుతున్నట్టు, నల్లగా మిగిలిన చోట ఖాళీ ఉన్నట్టు. నేను మొదటిసారి చూసుకున్నప్పుడు గార్డు వెనుక రూపాయి బిళ్లంత మేర పొడి అంటనే లేదు. ఆ తరువాత సైకిల్ ట్యూబు ముక్కను పిడికి తొడిగి, కింద రెండు మూడు పొరల గుడ్డ పెట్టి, ఎక్కడ నింపితే చేతికి కుదురుతుందో చూసుకున్నాను. ఇది పట్టు చూసుకోవడానికే, అలా చుట్టి పేల్చమని అనడం లేదు.

నల్లరబ్బరు:
ఆకారం ముఖ్యమే, ఒప్పుకుంటాను. కానీ ఆకారం తన్నును తగ్గించదు కదా. తేలిక తుపాకీ గట్టిగా తంతుంది, దాన్ని మింగేది రబ్బరే.

గురిచూపు:
తన్నును రబ్బరు కూడా తగ్గించదండీ. ఒకే తూటాను 400 గ్రాముల తుపాకీలోనూ 800 గ్రాముల తుపాకీలోనూ పేలిస్తే రెండింటికీ వచ్చే ద్రవ్యవేగం దాదాపు ఒకటే. తేలికది రెట్టింపు వేగంతో, రెట్టింపు శక్తితో వెనక్కి వస్తుంది. ఏ పిడీ దీన్ని మార్చలేదు. ఆ దెబ్బ అరచేతిలో ఎంత మేర పరుచుకుంటుంది, ఎంతసేపట్లో పడుతుంది అన్నవే పిడి చేతిలో ఉన్నాయి. మొదటిది ఆకారం పని, రెండోది మెత్తదనం పని. రూగర్ ఎల్‌సీఆర్ అనే రివాల్వరులో పిడి లోపల సన్నని మేకు లాంటి ముక్కే ఉంటుంది, వెనుక వైపు మందంగా మెత్తదనం నింపడానికి చోటు దొరికింది. అక్కడ మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. 642లో పిడి లోపల పూర్తి ఫ్రేము ఉంది, అంత మెత్తదనం పెట్టాలంటే ట్రిగ్గర్ దూరమవుతుంది.

సాధనకు మొన చదునుగా ఉండి మెల్లగా తన్నే 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ తూటాలు వాడితే ఏ పిడితోనైనా చేయి తెరిపిన పడుతుంది. అసలు పెట్టుకునే తూటాలను సాధన చివర్లో కొన్ని మాత్రం పేల్చి చూసుకోవచ్చు.

వాల్‌నట్:
ఒకటి మరిచిపోయారు. ఎడమ పలక పైభాగం చెక్కి పల్చగా చేసి ఉండాలి. లేకపోతే పేలిన తూటాల ఖాళీ తొడుగులు పలకకు తగిలి ఆగిపోతాయి, తూటాలన్నీ ఒకేసారి నింపే స్పీడ్ లోడరు నిటారుగా దిగదు. చెక్క అయినా రబ్బరు అయినా చాలా పిడులు చెడేది ఇక్కడే. పిడి బిగించాక మందు లేని ఉత్తుత్తి తూటాలతో పదిసార్లు నింపి, దులిపి చూడండి.

తొలివేటు:
సుద్దపొడితో చూశాను. గార్డు వెనుక నల్లగానే మిగిలింది, అడుగున చిటికెన వేలి చోటా అంతే. వెనుక అంచు మాత్రం పూర్తిగా తెల్లబడింది. ట్రిగ్గర్ మీద వేలి మొదటి కణుపు సగం సరిగ్గా ఆనుతోంది, కాబట్టి వెనుక మందం పెంచను. ముందు ఖాళీని పూడ్చే నునుపు చెక్క పిడి ఒకటి చూశాను, చిటికెన వేలు అడుగున ముడుచుకోవాల్సిందే. వాల్‌నట్ గారూ, దాని ఎడమ పలక ఫోటోలో చెక్కినట్టు కనిపించడం లేదు. చేతికి వచ్చాక గరుకు కాగితంతో నేనే పల్చన చేసుకోవచ్చా, స్క్రూ పట్టు వదులవుతుందా?