ఇంట్లో వేసుకున్న కలర్ చెడింది: మళ్లీ ఇంట్లోనే సరిచేసుకోవచ్చా, పార్లర్‌కే వెళ్లాలా?

కాకినాడ పిల్ల

అందరికీ నమస్కారం. కాస్త తొందరగా సలహా కావాలి. మా తమ్ముడి పెళ్లి ఇంకా తొమ్మిది రోజులే ఉంది, అద్దంలో నా తల చూసుకుంటే ఏడుపొస్తోంది.

నాకు 38 ఏళ్లు. పాపిడి దగ్గరా, చెంపల దగ్గరా బాగా నెరిసింది. నాలుగేళ్లపాటు నెలకోసారి కిరాణా కొట్లో దొరికే నల్ల హెన్నా ప్యాకెట్ వేసుకునేదాన్ని. నాలుగు నెలల క్రితం విసుగొచ్చి మానేశాను. పెళ్లికి బ్రౌన్ అయితే బాగుంటుందని నిన్న లైట్ గోల్డెన్ బ్రౌన్ డబ్బా తెచ్చి, కాగితంలో రాసినట్టే కలిపి, తలంతా పట్టించి 35 నిమిషాలు ఉంచాను. కడిగి ఆరబెట్టుకున్నాక చూస్తే కుదుళ్ల నుంచి రెండు అంగుళాల మేర రాగిచెంబు రంగు. తెల్ల వెంట్రుకలున్న చోట అయితే ఇంకా వెలిగిపోతోంది. అక్కణ్ణించి కిందకి జడ మొత్తం ఎప్పటిలాగే నల్లగా ఉంది, కలర్ వేసినట్టే లేదు.

మా వదిన పాత నల్ల ప్యాకెట్ మళ్లీ మొత్తానికి వేసెయ్యమంటోంది. పక్కింటి అమ్మాయేమో కింది నలుపుని బ్లీచ్ చేస్తే పైదీ కిందిదీ కలిసిపోతాయి, పౌడరూ, దాంట్లో కలిపే 40 వాల్యూమ్ డెవలపర్ ద్రవమూ ఆన్‌లైన్‌లో తెప్పిద్దాం అంటోంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. టెన్షన్‌తో రాత్రి నిద్ర లేదు.

నల్లజడ

మీ వదిన చెప్పిందే చెయ్యండి. నలుపు అన్నిటినీ కప్పేస్తుంది, నలభై రూపాయలతో అయిపోయేదానికి పార్లర్ చుట్టూ తిరగడం ఎందుకు? నేను ఇలాగే ఒకసారి చెడగొట్టుకుని మా ఊళ్లో పెద్ద పార్లర్ కదా అని వెళ్లాను. నా జుట్టు మీద ఇంతకుముందు ఏం వేశారని ఒక్క మాట అడగలేదు. ఒకే రోజు రెండుసార్లు బ్లీచ్ చేశారు, ఏడు వేలు తీసుకున్నారు. వారం తిరక్కుండానే దువ్వెనకి తుంపులు తుంపులుగా ఊడొచ్చింది. నడుము దాకా ఉన్న జడని భుజాల దాకా కత్తిరించుకోవాల్సి వచ్చింది. అందుకే అంటున్నా, మన తల మన చేతుల్లోనే ఉండాలి.

బెజవాడ పార్లర్ అక్క

చెల్లీ, ముందు ఏడుపు ఆపు. నేను 14 ఏళ్లుగా పార్లర్ నడుపుతున్నా. నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇలాగే వస్తారు, వాళ్లలో చాలామందిది అచ్చం నీ కథే.

ముందు ఇలా ఎందుకయిందో చెప్తా, అది తెలియకుండా ఇంకోటి వేస్తే ఇంకా చెడుతుంది. డబ్బా కలర్‌కి ముందున్న డైని తీసే శక్తి లేదు. నాలుగేళ్లుగా వేసిన నలుపు నీ జడలో గట్టిగా కూర్చుంది, దాని మీద లైట్ బ్రౌన్ పూస్తే నల్ల గోడ మీద పల్చటి సున్నం వేసినట్టే, కనబడదు. కానీ నువ్వు ప్యాకెట్ మానేశాక కొత్తగా పెరిగిన వెంట్రుక ఉంది కదా, అది వట్టి జుట్టు. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరుంబావు పెరుగుతుంది, నాలుగు నెలలకి సరిగ్గా నువ్వు చెప్పిన రెండు అంగుళాలు. డెవలపర్‌లోని పెరాక్సైడ్ అక్కడ మాత్రం పని చేసి సహజమైన నలుపుని కొంత తేల్చేసింది, అంటే లేతగా చేసింది. తల వేడి తగిలే చోటు కాబట్టి కుదుళ్లలో ఇంకా చురుగ్గా చేస్తుంది. మన నల్ల జుట్టు తేలితే ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాతే పసుపు. నీది నారింజ దగ్గర ఆగింది. దానికి తోడు నువ్వు తెచ్చింది గోల్డెన్ షేడ్, తెల్ల వెంట్రుకల మీద ఆ బంగారు ఛాయ అలాగే ఎక్కింది.

బ్లీచ్ జోలికి మాత్రం అస్సలు పోకు. 40 వాల్యూమ్ అంటే 12 శాతం పెరాక్సైడ్. కిరాణా కొట్టు ప్యాకెట్లలో ఏముంటుందో అన్నిసార్లూ మనకి తెలియదు. కొన్ని రంగుల్లో లోహపు లవణాలుంటాయి, వాటి మీద గట్టి పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కుతుంది, పొగ వస్తుంది, చేతిలోనే తెగిపోతుంది. నిన్న డబ్బాతో వచ్చిన డెవలపర్ తట్టుకుంది కాబట్టి దీన్నీ తట్టుకుంటుందని అనుకోవద్దు.

నల్లజడ

అక్కా, మీరు పార్లర్ నడుపుతారు కాబట్టి పార్లర్‌కి రమ్మనే చెప్తారు. బ్లీచ్ వద్దని నేనూ అంటున్నా. మరి నలుపు వేస్తే తప్పేంటి?

నీలిపొడి

నలుపే కావాలంటే ఆ ప్యాకెట్ ఎందుకండీ? అసలైన గోరింటాకు ఎంత సేపు ఉంచినా నలుపు రాదు, ఎరుపే వస్తుంది. ఆకులో ఉండే లాసోన్ అనే పదార్థం వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌కి అంటుకుని ఇచ్చే రంగు అది. ప్యాకెట్ మీద హెన్నా అని రాసి గంటలోపే కారునలుపు వస్తోందంటే అందులో డై కలిసినట్టే లెక్క. ఇది తెలియక మా అమ్మ పదేళ్లు మూలిక అనుకుని వాడింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నేనైతే నీలి ఆకు పొడి వేయమంటాను. ఇండిగో అని అమ్ముతారే, అదే. నారింజని చంపేది నీలమే. కుదుళ్లకి మాత్రమే గోరువెచ్చని నీళ్లతో కలిపి, పావుగంట నాననిచ్చి, పూసి గంట ఉంచండి. కడిగిన రోజు కాస్త పచ్చగా అనిపిస్తే కంగారు పడొద్దు, రెండు రోజులు గాలి తగిలాకే అసలు రంగు తేలుతుంది. నాకు ఏడేళ్లుగా ఇదే. కొనే ముందు ప్యాకెట్ వెనక ఆకు పేరు తప్ప ఇంకేమీ లేదని చూసుకోండి.

డాలస్ తెలుగమ్మాయి

ఇక్కడ షాపుల్లో కలర్ రిమూవర్ అని దొరుకుతుంది. బ్లీచ్ కాదు, డై అణువుల్ని విడగొట్టి నీళ్లతో బయటికి పోయేలా చేస్తుంది. కుళ్లిన కోడిగుడ్ల కంపు కొడుతుంది, చాలాసేపు నీళ్లతో కడుగుతూనే ఉండాలి, లేకపోతే మళ్లీ ముదురుతుంది. నేను ఒకసారి మరీ నల్లగా పోయినప్పుడు దీనితోనే బయటపడ్డా. ఆన్‌లైన్‌లో దొరుకుతుందేమో చూడండి.

బెజవాడ పార్లర్ అక్క

డాలస్ అమ్మాయి చెప్పింది నిజమే, కానీ అది ఆమె సమస్యకి మందు, ఈమె సమస్యకి కాదు. ఆమెది రంగు ఎక్కువై చెడింది, ఈమెది సొంత నలుపు పోయి చెడింది. రిమూవర్ వేసినంత మాత్రాన పోయిన నలుపు తిరిగి రాదు. పైగా వేసిన బ్రౌన్ కూడా పోయి అడుగున ఉన్న నారింజ ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. గోరింటాకు రంగు మీదైతే అది పనే చెయ్యదు.

నీలి పొడిని నేను కాదనను, బాగా వచ్చినవాళ్లని చూశాను. నా అభ్యంతరం ఒక్కటే. రేపు ఎప్పుడైనా ఆ జుట్టుని తేలిక చేయాలనుకుంటే బ్లీచ్ కింద పచ్చగా తిరుగుతుంది, ఆ పచ్చదనం వదిలించడం చాలా కష్టం. ఇక ముందు ఎప్పటికీ నలుపే అని నిశ్చయించుకున్నవాళ్లు నిక్షేపంగా వేసుకోవచ్చు.

నల్లజడ గారూ, మీకు జరిగింది చదివి బాధేసింది. ముందు ఏం వేశారని అడగకుండా బ్లీచ్ చేయడం మా వృత్తిలో పెద్ద తప్పు. కానీ నేను ఈమెని పార్లర్‌కి రమ్మనలేదు చూడండి. నా లెక్క ఏంటంటే, జుట్టుని ముదురు చేయడం ఇంట్లో చేసుకోవచ్చు, తేలిక చేయడం మాత్రం ఇంట్లో వద్దు. ఈమెకి కావలసింది ముదురు చేయడమే, అదీ రెండు అంగుళాలే. జడ జోలికే వెళ్లక్కర్లేదు. నాలుగేళ్ల ప్యాకెట్ గొడవంతా జడలోనే ఉంది, పాడైన చోట ఆ ప్యాకెట్ ఒక్క చుక్క కూడా లేదు.

చెల్లీ, అమ్మోనియా లేని కలర్ తెచ్చుకో, 3 నంబర్ డార్క్ బ్రౌన్. గోల్డెన్, రెడ్, కాపర్, బర్గండీ ఏ పేరున్నా పక్కన పెట్టు. 1 నంబర్ నలుపు వద్దు. ఒకసారి తేలిన వెంట్రుక రంగుని మామూలుకంటే ఎక్కువ పీలుస్తుంది, 3 వేసినా నీ జడలో కలిసిపోయేంత ముదురు వస్తుంది. ముందు చెంపల దగ్గర తెల్ల వెంట్రుకలకి పెట్టు, అవి మొండివి, టైం పడుతుంది. మిగతా కుదుళ్లకి పది నిమిషాలు ఆగి పెట్టు. నలుపు మొదలయ్యే గీత దాటి కిందకి దించకు. నుదుటి అంచుకీ చెవులకీ వ్యాజలైన్ రాసుకో, మరక పట్టదు.

సాగర్ రోడ్

మధ్యలో వస్తున్నా, క్షమించండి. రంగు గురించి ఇంత మాట్లాడుతున్నారు గానీ దురద గురించి ఎవరూ అడగలేదు. నాకు మీసానికి వేసుకునే నల్ల డైతో రెండేళ్ల క్రితం పై పెదవి ఉబ్బింది, మర్నాటికి కళ్లు మూసుకుపోయాయి. అంతకుముందు ఆరేళ్లు అదే డై, ఏమీ కాలేదు. చర్మం డాక్టర్ పీపీడీ అలర్జీ అన్నారు. పారా ఫినిలీన్ డై అమీన్ అట, ముదురు రంగు డైల్లో చాలావాటిలో ఉంటుంది. యూరప్‌లో తలకి పెట్టే మిశ్రమంలో అది 2 శాతం దాటకూడదని నిబంధన ఉందంటే ఎంత జాగ్రత్త పడాల్సిన సరుకో ఆలోచించండి. ఒకసారి ఒంటికి పడలేదంటే ఇక జీవితాంతం పడదని డాక్టర్ చెప్పారు. అమ్మోనియా లేదు అన్నంత మాత్రాన పీపీడీ లేదని కాదు, చాలామంది అక్కడే పొరబడుతున్నారు.

ఆమెకి నిన్నటి నుంచి మాడు మీద మంటా, చెవుల వెనక దురదా ఏమైనా ఉంటే దయచేసి ఏ రంగూ వేయమని చెప్పకండి. తొమ్మిది రోజుల్లో పెళ్లి అయినా సరే.

కాకినాడ పిల్ల

సాగర్ గారూ, మీరు అడిగాక అద్దం పట్టుకుని చెవుల వెనకంతా చూసుకున్నా. దురద లేదు, ఎర్రబడలేదు. జుట్టు మాత్రం గడ్డిలా ఎండిపోయింది.

పాత ప్యాకెట్ చెత్తలో వెతికి తీశా. పైన పెద్ద అక్షరాల్లో హెర్బల్ అని, గోరింటాకు బొమ్మ. వెనక చిన్న అక్షరాల్లో నీలిపొడి గారు అన్నట్టే డై పేరుంది, పక్కనే బేరియం పెరాక్సైడ్ అని కూడా ఉంది. నాలుగేళ్లు నేను ఆకు వేసుకుంటున్నా అనుకున్నాను.

నల్లజడ

అయితే ప్యాకెట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. వెనక అంత రాసి ఉంటుందని నేనూ ఎప్పుడూ చదవలేదు. కానీ ఒక్కటి చెప్పాలి. పార్లర్‌కి వెళ్లండి అని తేలిగ్గా అనేస్తారు, ఇలా విడమరిచి చెప్పే అక్కలు ఊరికి ఎంతమంది ఉంటారు? మా దగ్గర ఏం కలిపారో ఏం పూశారో అడిగితే చిరాకు పడతారు. ఆ భయంతోనే ఆడవాళ్లు ఇంట్లో చేసుకుంటున్నారు, డబ్బు ఒక్కటే కారణం కాదు.

బెజవాడ పార్లర్ అక్క

అది ఒప్పుకుంటా. ఎవరైనా సరే పార్లర్‌లో కూర్చోగానే మూడేళ్లలో తల మీద ఏం వేశారో మొత్తం చెప్పండి, హెన్నా అయినా సరే. ఆ మాట విన్నాక కూడా చిన్న పాయ మీద పరీక్ష చేయకుండా గిన్నె కలపడం మొదలుపెడితే లేచి వచ్చెయ్యండి, మొహమాటం వద్దు.

చెల్లీ, సాగర్ గారు చెప్పిన అలర్జీ నీకు ఉందేమో ముందు చూసుకో. కొత్త కలర్ చుక్క, డెవలపర్ చుక్క కలిపి మోచేతి మడతలో రాసి 48 గంటలు చూడు. పన్నెండు గంటలకి ఏం కాలేదని తొందరపడకు, ఇది ఆలస్యంగా బయటపడే అలర్జీ. ఈ రెండు రోజులూ రాత్రి కొబ్బరినూనె పట్టించు, వంటసోడా, నిమ్మరసం లాంటివి మాత్రం తలకి పెట్టకు.

కాకినాడ పిల్ల

ఐదు రోజుల తర్వాత వస్తున్నా.

మోచేతి మీద రెండు రోజులు చూశా, ఏమీ కాలేదు. తర్వాత చెవి వెనక దాగే చోట ఒక సన్నపాయ తీసి ముందు దానికే పెట్టి చూశా. ఇరవై నిమిషాలకే నలుపుకి దగ్గరగా వచ్చింది, అక్క 1 నంబర్ వద్దని ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది. నిన్న ఉదయం కుదుళ్లకి పెట్టాను. మా వదినే పాపిడి పాయలు తీసి బ్రష్‌తో పూసింది, గీత దాటకుండా. చెంపల దగ్గర 35 నిమిషాలు, మిగతా చోట్ల 25.

ఇంట్లో చూస్తే పైదీ కిందిదీ తేడా తెలియడం లేదు. ఎండలో నిలబడితే చెంపల దగ్గర కాస్త ఎర్రగా మెరుస్తోంది, అది మా వదినకీ నాకూ తప్ప ఎవరికీ కనిపించదు. పక్కింటి అమ్మాయికి బ్లీచ్ పౌడర్ ఆర్డర్ రద్దు చేయమని చెప్పాను, తన తలకి వేసుకుందామనుకుందట, ఇదంతా చదివించాను.

అక్కా, ఒక్క సందేహం. పెళ్లయ్యాక నీలిపొడికి మారదామనుకుంటున్నా, ఇక బ్రౌన్ మీద ఆశ లేదు. కుదుళ్లకి ఇప్పుడు వేసిన కలర్ మీద నేరుగా వేయొచ్చా, ఆగాలా?

నీలిపొడి

వేయొచ్చండి, కానీ కొత్తగా తెల్లగా పెరిగాకే మొదలుపెట్టండి. తెల్ల వెంట్రుక మీద ముందు గోరింటాకు, కడిగాక నీలి. తెల్లదాని మీద నేరుగా నీలి ఒక్కటే వేస్తే నీలంగానో పచ్చగానో కనిపిస్తుంది. గోరింటాకు కూడా ఒట్టి ఆకు పొడే తీసుకోండి.

బెజవాడ పార్లర్ అక్క

నెలన్నర ఆగు. ముందుగా దువ్వెనకి ఊడిన నాలుగు వెంట్రుకలు దాచుకుని వాటి మీద చేసి చూసుకో. పెళ్లికి జడ బిగించి అల్లించుకోకు, ఆ రెండు అంగుళాలు ఇప్పుడు నాజూకుగా ఉన్నాయి. వదులుగా అల్లి పూలు పెట్టుకో.