శనివారం కూడిక పనులు: ఈసారి యోనా ఒక్కటే చదువుదామా?

సమన్వయం: అందరికీ వందనాలు. మారతహళ్ళిలో పోయినసారి హాలే దొరికింది. మూడింటి నుంచి ఏడు వరకు. ఏడు దాటితే కింది పోర్షన్ వాళ్ళు తలుపు కొడతారు, తెలుసుగా. కనికరం, ఓర్పు, ప్రార్థన అనుకున్నాం కదా, మూడింటికీ మూడు ప్రసంగాలు వద్దని నా మనవి. బైబిల్లో యోనా గ్రంథం చాలు. నీనెవెకి వెళ్ళి హెచ్చరించమని దేవుడు పంపితే పారిపోయి, చేప కడుపులో పడ్డ ప్రవక్త కథ. నాలుగే అధ్యాయాలు, 48 వచనాలు.

సండేస్కూల్: థర్మాకోల్ చేప మా దగ్గరుంది అన్నా.

సమన్వయం: తెండి అక్కా, పిల్లలు ఊరుకోరు. కానీ చేప కనబడేది మూడు వచనాల్లోనే. అసలు సంగతంతా నాలుగో అధ్యాయంలో ఉంది. నీనెవె అంటే అష్షూరువాళ్ళ పట్టణం. క్రీ.పూ. 722లో ఇశ్రాయేలు రాజధాని సమరయను కూలదోసింది ఆ అష్షూరువాళ్ళే. అలాంటి ఊరు మారుమనస్సు పొందితే దేవుడు శిక్ష మానుకున్నాడు, ప్రవక్తకి ఒళ్ళు మండింది. ఆ మంటలో చేసింది కూడా ప్రార్థనే! నువ్వు జాలిగలవాడివని తెలిసే తర్షీషుకి పారిపోయానన్నాడు. నిర్గమకాండం 34లో దేవుడు తన గురించి మోషేకి చెప్పుకున్న మాటల్నే తెచ్చి ఆయన మీద నేరం మోపాడు. చేప కడుపులో తనకి దొరికిన కనికరానికి స్తోత్రం చెప్పిన మనిషి, అదే పక్కవాడికి దొరికేసరికి బతకడం కంటే చావడం మేలంటున్నాడు. పోయిన క్రిస్మస్ భోజనాల లెక్కల సంగతి నేను ఎత్తను.

భోజనాలు: ఎత్తేశారుగా అన్నా.

పాటల బృందం: మొదట 136వ కీర్తన పెడదాం. 26 వచనాల్లోనూ "ఆయన కృప నిరంతరముండును" వస్తుంది. ఒకరు చదివితే అందరూ అందుకోవచ్చు. మావాడు తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, బడిలో కన్నడ నేర్చాడు. ఆ ముక్క కన్నడ అక్షరాల్లో కూడా రాయించండి.

సండేస్కూల్: చార్టు నేను రాస్తా. మరి యోనాకి నీడనిచ్చి మర్నాడే వాడిపోయిన సొరచెట్టో?

సమన్వయం: మన బైబిల్లో సొరచెట్టే ఉంది. మన దొడ్లో అయితే అది తీగ! హెబ్రీ మాటకి ఆముదం చెట్టని చెప్పే పండితులూ ఉన్నారు. మా మేడ మీద కుండీలో సొర పాదుంది, పొద్దున ఒక తీగ కోసి వేదిక మీద కడతా. ఆరింటికల్లా దానంతటదే వాలిపోతుంది, ఎవరూ వివరించక్కర్లేదు.

సండేస్కూల్: మా పక్క ఫ్లాటులో మలయాళీ సిరియన్ క్రైస్తవులు. ఏటా మూడు రోజులు నీనెవె ఉపవాసం ఉంటారు. ఆ ఆంటీని పిలవనా?

సమన్వయం: తప్పకుండా. ప్రార్థన విషయంలో ఒక్క విన్నపం, పెద్దలు మన్నించాలి. లూకా 18లో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, చేసిన ప్రార్థన "దేవా, పాపినైన నన్ను కరుణించుము", అంతే. ఎవరైనా ఆ పాటి పొడవు చాలు. క్రితంసారి ఒకాయన ఇరవై ఐదు నిమిషాలు చేస్తే పిల్లలు నిద్రపోయారు. చివర్లో మైకు కట్టేసి ఆఖరి వచనం చదువుదాం. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందికి పైగా జనమూ, బోలెడు పశువులూ ఉన్న ఊరి గురించి నేను విచారపడవద్దా అని దేవుడు అడుగుతాడు. యోనా ఏమన్నాడో రాయలేదు. మనమూ ఏమీ అనకుండా ఐదు నిమిషాలు కూర్చుందాం.

భోజనాలు: అన్నా, పశువుల్ని కూడా లెక్కేసిన వచనం చదివి, వెంటనే మటన్ బిర్యానీ వడ్డించాలా?

సమన్వయం: పులిహోర, పెరుగన్నం. అడ్వాన్సు ఇచ్చేశావా?

భోజనాలు: ఇచ్చేశా. రేపు ఫోన్ చేసి బతిమాలతా.