రేట్లు మారుతూనే ఉంటాయి: బిల్లింగ్ కోడ్‌కు ఆటోమేటెడ్ టెస్టులు దండగా?

బెంజిసర్కిల్_కోడ్:
విజయవాడ ఆటోనగర్ స్పేర్ పార్టుల షాపులకు రాసే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించే అడుగుతున్నాను. 2025 సెప్టెంబర్ 22న ఆటో విడిభాగాల జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. కోడ్‌లో రేటు మార్చగానే, లెక్క సరిగ్గా వస్తోందో తమంతట తామే చూసే టెస్టుల్లో 28 అని రాసినవన్నీ ఫెయిల్. ఇద్దరు ముగ్గురుండే టీమ్ కోడూ దిద్ది టెస్టులూ దిద్దాలంటే పని రెండింతలు. ఇంతగా మారే చోట టెస్టులు వద్దు, నాలుగు బిల్లులు చేత్తో కొట్టి చూసుకుంటే చాలని నా వాదన.

బ్రాడీపేట_టెస్టర్:
అవి ఫెయిలయ్యాయంటే లోపం రాసిన తీరులో ఉందండి. సెప్టెంబర్ 20న కొట్టిన బ్రేక్ షూ బిల్లుకు పన్ను 28 శాతం. ఇవాళ చూసినా అంతే, పదేళ్ల తర్వాత చూసినా అంతే. టెస్టులో తేదీ పెట్టకుండా "బ్రేక్ షూకి 28" అని రాస్తే అది ఆ రోజుకే పనికొచ్చే టెస్టు.

రేటును కోడ్‌లో పెట్టొద్దు. హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకాన్ని చెప్పే జీఎస్టీ కోడ్), ఏ తేదీ నుంచి, ఎంత శాతం: ఈ మూడు కాలమ్‌లతో టేబుల్ ఉంచండి. పన్ను లెక్కించే ఫంక్షన్ సిస్టమ్ గడియారం చూడకూడదు, తేదీని బయటి నుంచి తీసుకోవాలి. అప్పుడు రేటు మారితే టేబుల్‌లో ఒక వరుస, సెప్టెంబర్ 21కి, 22కి చెరొక కొత్త టెస్టు. పాతవి ముట్టుకోనక్కర్లేదు. రేటు మార్చాక పాత తేదీ టెస్టు విరిగిందంటే అసలు తప్పు దొరికినట్టే.

ఆటోనగర్_అకౌంట్స్:
చేత్తో చూస్తే తప్పిపోయేది రిటర్నులు. సెప్టెంబర్ 20న 28తో అమ్మిన సరుకు 25న వెనక్కొస్తే, ఆ మొత్తం తగ్గిస్తూ ఇచ్చే క్రెడిట్ నోట్ కూడా 28తోనే ఇవ్వాలి. వెనక్కొచ్చిన రోజు రేటు చూసుకునే ప్రోగ్రామ్ 18 వేసేస్తుంది. కొత్త బిల్లులు నాలుగు కొట్టి చూస్తే అన్నీ సరిగ్గానే కనబడతాయి.

ఇంకా చిక్కు సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 14వ సెక్షన్. సరుకు ఇచ్చిన తేదీ, బిల్లు తేదీ, డబ్బు ముట్టిన తేదీ, ఈ మూడింటిలో ఏ రెండు రేటు మారిన రోజుకు ఒకవైపు పడితే ఆ వైపు రేటు. మూడు తేదీలకూ ముందు, తర్వాత అని తీసుకుంటే మొత్తం ఎనిమిది రకాలు. కౌంటర్లో రద్దీగా ఉన్నప్పుడు ఈ ఎనిమిదీ ఎవరూ చేత్తో చూడరు.

బెంజిసర్కిల్_కోడ్:
తేదీల మాట ఒప్పుకుంటున్నాను. కానీ స్క్రీన్ టెస్టుల సంగతేంటి? సేవ్ బటన్ ఎడమ నుంచి కుడికి జరిపితే చాలు, లెక్క మారకపోయినా విరుగుతాయి. డాట్ మ్యాట్రిక్స్‌లో ముందే అచ్చేసిన ఫారం మీద మొత్తం సరైన గడిలో పడిందో లేదో కోడ్ చెప్పలేదు.

బ్రాడీపేట_టెస్టర్:
ఆ రెండింటిలో మీరే కరెక్ట్. ప్రింట్ కాగితం మీదే చూడాలి. స్క్రీన్ టెస్టు ఒకటి చాలు: బిల్లు కొట్టి, సేవ్ చేసి, మళ్లీ తెరవడం. మాక్‌లు (అసలు భాగాల బదులు పెట్టే ఉత్తుత్తి భాగాలు) పెట్టి లోపల ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో తనిఖీ చేసే టెస్టులు కూడా తీసేయండి. కోడ్ సర్దిన ప్రతిసారీ విరుగుతాయి, తప్పు మాత్రం పట్టవు. లెక్కల దగ్గర మాత్రం రాజీ పడొద్దు.

కొత్తపేట_పాతకోడ్:
ఫాక్స్‌ప్రో, వీబీ6 లాంటి పాతకాలపు భాషల్లో ఉన్న ప్రోగ్రామ్‌కి యూనిట్ టెస్టు (ఒక్కో ఫంక్షన్‌ను విడిగా పరీక్షించేది) పెట్టే సందు చాలాసార్లు ఉండదు. అక్కడ మరో దారి. పాత బిల్లులు ఓ 200 ఏరండి: రిటర్నులు, డిస్కౌంట్లు, పక్క రాష్ట్రంలోని ఖమ్మం పంపిన ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పన్ను) బిల్లులు తప్పనిసరి. వాటి ఇన్‌పుట్, మొత్తాలు ఫైల్లో దాచండి. కోడ్ ముట్టుకున్న ప్రతిసారీ మళ్లీ నడిపి పోల్చండి. కొనేవాళ్ల పేర్లు, జీఎస్టీ నంబర్లు ముందే మార్చేయాలి. తేడా కనబడితే వెంటనే "కొత్తదే కరెక్ట్" అని ఫైలు తిరగరాయొద్దు, ఈ పద్ధతి చెడేది అక్కడే.

పైసల తేడాలూ ఇందులోనే బయటపడతాయి. రూ.100.25 మీద 18 శాతం అంటే 18.045. సగం పైసాను పైకి సవరిస్తే ఐజీఎస్టీ 18.05. అదే మన రాష్ట్రంలోనే గుంటూరు పంపితే పన్ను కేంద్రం, రాష్ట్రం వాటాలుగా చీలి సీజీఎస్టీ 9.0225, ఎస్‌జీఎస్టీ 9.0225, విడివిడిగా సవరిస్తే 9.02 చొప్పున మొత్తం 18.04. రెండూ వాటి వాటి పద్ధతిలో సరైనవే. టెస్టులో రెండూ రాసిపెట్టకపోతే ఎవరో ఒకరు "సరిచేసి" చెడగొడతారు. ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్య టైపు) వాడితే సరిగ్గా ఇలాంటి సగం పైసాల దగ్గరే ఎటు సవరిస్తుందో చెప్పలేం. పూర్ణాంకాల్లో పైసలుగానో, డెసిమల్ టైపులోనో ఉంచండి.

బెంజిసర్కిల్_కోడ్:
అయితే నా మాట కాస్త మార్చుకుంటున్నాను. లెక్కలకు తేదీలతో టెస్టులు, స్క్రీన్‌కు ఒక్కటి, ప్రింట్ చేత్తో. అర్ధరాత్రి రేటు మారే క్షణానికి ఇంకేమైనా చూడాలా?

ఆటోనగర్_అకౌంట్స్:
సర్వర్ గడియారం చూడండి. క్లౌడ్ సర్వర్లు ఎక్కువగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉంటాయి, మనకంటే 5:30 గంటలు వెనక. 22వ తేదీ తెల్లవారుజామున 5 గంటలకు లారీవాళ్లకు కొట్టిన బిల్లు అక్కడ 21గా నమోదై 28 శాతం పడుతుంది. తేదీని భారత సమయంలోకి మార్చాకే రేటు వెతకాలి. రాత్రి 11:59కి ఒకటి, 12:00కి ఒకటి, తెల్లవారి 5:29కి ఒకటి టెస్టు పెట్టండి.