కర్ణుడిని భీష్ముడు నిజంగా అవమానించాడా, లేక కర్ణుడికి అలా వినిపించిందా?

మేఘమాల:
కర్ణుడంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అయినా ఈసారి ఉద్యోగపర్వం చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. యుద్ధానికి ముందు దుర్యోధనుడికి వీరుల లెక్క చెబుతూ భీష్ముడు కర్ణుడిని అర్ధరథుడు, అంటే పూర్తి రథికుడిలో సగం పాటి వీరుడు, అంటాడు. సహజ కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపం ఉంది అని కారణాలూ చెబుతాడు. కర్ణుడు ఆ కారణాల జోలికి పోడు. 'ఈయనకు నేనంటే ద్వేషం' అంటాడు. భీష్ముడు బతికున్నంత కాలం ఆయుధం పట్టనని ఒట్టు పెట్టుకుని పది రోజులు పక్కన కూర్చుంటాడు.

అప్పటికే అతను అంగరాజు. అయినా లోపల తనను తాను సూతపుత్రుడిగానే, అంటే రథసారథి కొడుకుగానే చూసుకున్నాడు కాబట్టి, ప్రతి మాటలోనూ ఆ పేరే వినిపించిందని నా వాదన.

ఈ సందర్భంలో డార్ట్‌మత్ కాలేజీలో క్లెక్, స్ట్రెంటా చేసిన ప్రయోగం గుర్తొస్తోంది. 1980లో ప్రచురించారు. కొందరి ముఖం మీద మేకప్‌తో పెద్ద మచ్చ వేసి అద్దంలో చూపించారు. తర్వాత క్రీమ్ రాస్తున్నామని చెప్పి, వాళ్లకు తెలియకుండా ఆ మచ్చను తుడిచేశారు. మామూలు ముఖంతోనే వెళ్లి అపరిచితులతో మాట్లాడి వచ్చిన వాళ్లు, ఎదుటివాళ్లు తమ మచ్చ వల్లే ఇబ్బంది పడ్డారని చెప్పారు.

పాతపుస్తకం:
మేఘమాల గారూ, ఆ ప్రయోగంలో మచ్చ లేదు. కర్ణుడికి ఉంది, వేసింది లోకమే. అస్త్రవిద్యా ప్రదర్శన రోజు కృపుడు అందరి ముందూ కులం అడిగాడు. పెంచిన తండ్రి అధిరథుడికి కర్ణుడు దండం పెట్టగానే, నీకు తగింది కొరడాయే అని భీముడు ఎగతాళి చేశాడు. ఇవన్నీ అతని ఊహలా?

మీరు చెప్పిన అర్ధరథుడి మాటే తీసుకోండి. భీష్మపర్వం చివర, అంపశయ్య మీద భీష్ముడే ఒప్పుకుంటాడు: నీ తేజస్సు తగ్గించాలనే పరుషంగా మాట్లాడాను, నువ్వు కుంతి కొడుకువని నాకు తెలుసు అని. అంటే ఆ మాట కావాలనే అన్నాడు. కర్ణుడు సరిగ్గానే విన్నాడు! దెబ్బ తిన్నవాడికి దెబ్బ కనిపిస్తే, అది నీ చూపులో లోపం అనడం నాకు చాలా బాధగా ఉంది. నిజ జీవితంలో కూడా వెలికి గురైన వాళ్లతో మనం ఇదే మాట అంటాం.

వానచినుకు:
చిన్న సంగతి. స్వయంవరంలో 'సూతుణ్ని వరించను' అని ద్రౌపది అన్న ఘట్టం పుణె భండార్కర్ సంస్థ సంశోధిత ప్రతిలో (పాత రాతప్రతులను పోల్చి తేల్చిన భారత పాఠంలో) లేదు. దాన్ని ఎవరూ సాక్ష్యంగా తేవద్దు.

మేఘమాల:
పాతపుస్తకం గారూ, అంపశయ్య ఘట్టాన్ని నేను మరిచిపోయాను. మీరు గుర్తుచేశాక మళ్లీ చదివాను. ఆ మాట కావాలనే అన్నాడన్నది నిజం, ఆ భాగం వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ అదే చోట భీష్ముడు ఇంకోటి కూడా చెబుతాడు: నీ మీద నాకు ద్వేషం లేదు, నువ్వు పాండవులను అకారణంగా ద్వేషిస్తున్నావు కాబట్టే అలా అన్నాను అని. దెబ్బను కర్ణుడు సరిగ్గా గుర్తించాడు. అది ఎందుకు పడిందో మాత్రం తప్పుగా చదివాడు. గాయపడ్డ మనసు దెబ్బను పసిగట్టడంలో పొరపడదు, దాని వెనక ఉద్దేశం దగ్గరే పొరపడుతుంది. అప్పటికి కర్ణుడికి తెలిసిన కారణం ఒక్కటే, తన పుట్టుక. అందుకే అన్నిటికీ అదే తగిలించాడు.

పాతపుస్తకం:
ఇది ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క కారణం తప్ప మరోటి తెలియకుండా అతన్ని పెంచింది ఎవరు? యుద్ధానికి ముందు కృష్ణుడు అతని పుట్టుక రహస్యం చెప్పాడు. అది విన్నాక కూడా పెంచిన తల్లి రాధ ప్రేమను, దుర్యోధనుడి స్నేహాన్ని వదలనన్నాడు. పైగా దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను అన్న మాటలకు ఇప్పుడు కుమిలిపోతున్నానని కృష్ణుడితోనే చెప్పాడు. ఆ పూట మాత్రం అతని చూపులో నాకు ఏ వంకరా కనిపించలేదు.